పంకప్రక్షాళన న్యాయము - కోడిమాంసము

లౌకిక న్యాయములలో పంకప్రక్షాళన న్యాయ మొకటి కలదు. బురదలో కాలు పెట్టి పిమ్మట కడుగుకొనుటకంటె, దూరముననే తొలగి బురద నంటకుండుట మేలని దాని భావము. గత సంవత్సరము ఈ న్యాయమును తరగతిలో వివరించుచుండగా ఒక విద్యార్థిని లేచి, "సార్, మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటున్నాడండి. అక్కడ కోడిని క్లోరిన్ నీళ్ళలో ముంచి అమ్ముతారట. ఐరోపావాళ్ళు దాన్ని తమ దేశాల్లోకి రానివ్వరట. అప్పటినుంచీ అమ్మ వాణ్ణి కోడి తినవద్దని ఒకటే పోరు. ఇది కూడా ఈ న్యాయం కిందికే వస్తుందా?" అని యడిగినది. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. ప్రశ్న సరియైనది, సమాధానము నాకు తెలియనిది. తెలియని దానిని తెలిసికొని చెప్పెదనని మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుటకు చేసిన ప్రయత్నములో తేలిన విషయములనే ఇచట చదువరుల ముందుంచుచున్నాను.

వధశాలలో కోడి ప్రయాణము

అమెరికాలో కోడిని వధించుట మన బజారులోవలె ఒక్కొక్కటిగా జరుగు పని కాదు. అచటి వధశాలలలో కోళ్ళు కాళ్ళకు తగిలించిన కొక్కెములనుండి తలక్రిందుగా వ్రేలాడుచు, కదలు గొలుసు వెంట బారులు దీరి సాగిపోవుచుండును. ముందుగా స్పృహ తప్పించి, గొంతు కోసి, నెత్తురు కారిన తరువాత వేడినీటి తొట్టిలో ముంచుదురు. రబ్బరు వ్రేళ్ళుగల యంత్రములు ఈకలను పెఱికివేయును. మఱియొక యంత్రము కడుపులోని ప్రేవులను వెలికి తీయును. చివరకు శరీరపు వేడి చల్లార్చుటకై మంచువలె చల్లనైన నీటి తొట్టిలో వేయుదురు. 2014లో అచటి వ్యవసాయశాఖ ప్రవేశపెట్టిన తనిఖీ పద్ధతి ప్రకారము ఒక్కొక్క బారు నిమిషమునకు 140 కోళ్ళవఱకు సాగవచ్చును. అనగా గంటకు 8,400. బారు చివర నిలుచు ప్రభుత్వ తనిఖీదారుని కంటి ముందు ఒక్కొక్క కోడి నిలుచు కాలము అర సెకను కూడ కాదు.

ఈ ప్రయాణములో మాలిన్య మెచటినుండి వచ్చును? కోడి ప్రేవులలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అను రెండు జాతుల సూక్ష్మజీవులు కాపురముండును. అవి సాధారణముగా కోడిని బాధింపవు. మనుష్యుని కడుపులో చేరినప్పుడే వాంతులు, విరేచనములు, జ్వరము కలిగించును. సాల్మొనెల్లా యనగా సాల్మన్ చేపతో సంబంధము కలదని కొందఱు విద్యార్థులు పొరబడుదురు. అది డేనియల్ సాల్మన్ అను అమెరికా పశువైద్యుని పేరు. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన థియోబాల్డ్ స్మిత్ 1885లో ఆ జీవిని కనుగొనెను. అన్ని విధములైన ఆహారముల వలనను, ఇతర మార్గముల వలనను అమెరికాలో ఏటా సుమారు 13 లక్షల 50 వేల మంది ఈ జీవి వాతబడుచున్నారనియు, దాదాపు 420 మంది మరణించుచున్నారనియు అచటి వ్యాధి నివారణ కేంద్రపు అంచనా.

వేలకొలది కోళ్ళు కిక్కిరిసియుండు పాకలో ఈకలకును, కాళ్ళకును రెట్ట అంటియుండును. ఆ ఈకలతోనే అవి వేడినీటి తొట్టిలో దిగును. ఈకలు పెఱుకు రబ్బరు వ్రేళ్ళు ఒక కోడి మురికిని మఱియొక కోడికి పూయును. ప్రేవులు తీయు యంత్రము ఏ మాత్రము గురి తప్పినను అవి చిట్లి మలము మాంసముపై పడును. తుదకు ఇవి యన్నియు ఒకే చల్లనినీటి తొట్టిలో కలియును. ఊరివారందఱును ఒకే గుంటలో కాళ్ళు కడిగినచో చివర దిగినవానికి ఏమి మిగులునో చెప్పనక్కఱలేదు. ఆ గుంటలోని నీరు వ్యాధిని పంచిపెట్టకుండుటకై అమెరికావారు దానిలో క్లోరిన్ కలుపుదురు. లీటరు నీటికి 50 మిల్లీగ్రాములవఱకు కలుపుటకు అచటి ప్రభుత్వము అనుమతించినది.

క్లోరిన్ విషమా?

విద్యార్థిని తల్లి భయ మంతయు ఈ మాటలోనే యున్నది. క్లోరిన్ పేరు విన్నంతనే భయపడుటకు చరిత్రలో కారణము లేకపోలేదు. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియములోని ఈప్ర్ పట్టణము కడ జర్మన్ సైన్యము శత్రువులపై విడిచిపెట్టిన విషవాయువు క్లోరినే. కాని దానికి ఏడేండ్ల ముందే, 1908లో, అమెరికాలోని జెర్సీ నగరపు త్రాగునీటిలో నిత్యము క్లోరిన్ కలుపుట మొదలైనది. నేడు మన కుళాయి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము విధించుచున్నది. లీటరుకు 5 మిల్లీగ్రాములవఱకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించినది. ఒకే పదార్థము మోతాదునుబట్టి ప్రాణము తీయును, ప్రాణము నిలుపును.

తొట్టిలోని నీటి బలము కుళాయి నీటికంటె చాల హెచ్చన్న మాట నిజము. కాని మనము త్రాగునది తొట్టిలోని నీరు కాదు. మాంసముపై మిగులు శేషము స్వల్పము. ఈ విషయమున సాక్ష్యము చెప్పినవారు అమెరికా వ్యాపారులు కారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థవారే. 2005లో ఆ సంస్థ క్లోరిన్ డయాక్సైడు మొదలగు నాలుగు విధముల రసాయనములను పరిశీలించి, నిర్ణీతమైన మోతాదులో వాడినప్పుడు వాటివలన తినువారి ఆరోగ్యమునకు ఆందోళన కలిగించు విషయము లేదని అభిప్రాయపడినది.

మఱియొక సంగతి. క్లోరిన్ వాడుక అమెరికాలోనే చాలవఱకు తగ్గిపోయినది. దానిని వాడు వధశాలలు నూటికి ఐదుకంటె తక్కువయని అచటి కోళ్ళ పరిశ్రమ సంఘము కొన్ని యేండ్ల క్రిందట చెప్పినది. దాని స్థానమున పెరాసిటిక్ ఆమ్లము వచ్చినది. వెనిగర్‌లోని పులుపును, హైడ్రోజన్ పెరాక్సైడును కలిపినచో ఏర్పడు పదార్థమిది. పని ముగిసిన పిమ్మట అసిటిక్ ఆమ్లముగను, నీరుగను, ఆమ్లజనిగను విడిపోవును. తినువానికి ఇది క్లోరిన్‌కంటె మేలైనదే. కాని తొట్టి ప్రక్కన రోజంతయు నిలిచి పనిచేయు కూలివాని సంగతి వేఱు. దాని ఆవిరి కన్నులను మండించును, ముక్కును, గొంతును రేపును, దగ్గు తెప్పించును. రసాయనపు కష్టము ముందుగా ఎవరికి తగులునని అడిగినచో, భోజనపు బల్ల కడ కూర్చున్నవానికంటె మాంసము కోయువానికే యని చెప్పవలసియున్నది. ఈ చర్చలలో వాని మాట అరుదుగా వినబడును.

ఐరోపావారి ఆక్షేపణ

శేషము వలన భయము లేనప్పుడు ఐరోపావారు ఈ మాంసము నేల నిషేధించిరి? 1997 నుండి వారు రసాయనములతో కడిగిన కోడిమాంసమును తమ దేశములలోనికి రానిచ్చుట లేదు. జంతువులనుండి లభించు ఆహారపు పైమాలిన్యమును పోగొట్టుటకు, ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప, త్రాగుటకు యోగ్యమైన నీరు దక్క మఱి యేదియు వాడరాదని 2004 నాటి వారి శాసనము. 2008లో ఆ రసాయనములను అనుమతింపవలెనని ఐరోపా కమిషన్ ప్రతిపాదింపగా సభ్యరాజ్యములు త్రోసిపుచ్చినవి. 2009లో అమెరికా ఈ తగవును ప్రపంచ వాణిజ్య సంస్థ యెదుట పెట్టినది. బ్రిటన్ 2020లో ఐరోపా సమాఖ్యను వీడిన పిమ్మటను ఈ నిషేధమును విడువలేదు.

ఇందులో స్వదేశపు రైతులను కాపాడుకొను వ్యాపారబుద్ధి కొంత లేకపోలేదు. కాని వారి వాదములో సారమును కలదు. అది మన న్యాయమే: చివర కడుగుట కాదు, మొదటినుండియు అంటకుండ చూడవలెను. పిల్లలను పొదిగించు చోటు, మేత, పాక, రవాణా పెట్టెలు, వధశాల - ఇన్నింటను శుభ్రత పాటించినచో చివర రసాయనముతో పని యుండదని వారందురు.

ఈ బుద్ధి స్వీడన్ దేశమునకు పెద్ద విపత్తు వలన కలిగినది. 1953లో ఆల్వెస్టా అను పట్టణపు వధశాలనుండి వెడలిన మాంసము వలన సాల్మొనెల్లా వ్యాపించి, తొమ్మిదివేలమందికి పైగా జబ్బుపడిరి. సుమారు 90 మంది మరణించిరి. పిమ్మట ఆ దేశము కోళ్ళ మందలను, మేతను తఱచుగా పరీక్షించి, సాల్మొనెల్లా సోకిన మందను మందగానే తొలగించు కఠినమైన పద్ధతిని కట్టుదిట్టముగా అమలుపఱచినది. నేడు స్వీడన్ కోళ్ళలో ఆ జీవి కనబడుట మిక్కిలి అరుదు.

ఇచట 1847 నాటి వియన్నా కథ స్మరింపదగినది. ప్రసూతి ఆసుపత్రిలో బాలింతలు జ్వరముతో చనిపోవుచుండగా, శవములను కోసిన చేతులతోనే వైద్యులు ప్రసవములు చేయుట అందులకు హేతువని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించెను. క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టెను. ఏప్రిల్ మాసమున నూటికి 18 వఱకున్న మరణములు జూన్ నాటికి రెండింటికి దిగినవి. క్లోరిన్ చరిత్రలో ఇంతకు మించిన పుణ్యకార్యము లేదు. కాని గమనింపవలసిన దొకటి కలదు. ఆయన తల్లులను క్లోరిన్‌లో ముంచలేదు. వైద్యుల చేతులను కడిగించెను. మాలిన్యము వచ్చు చోటనే దానిని అడ్డగించెను.

కప్పిపుచ్చు జలము

చివరి స్నానమునే నమ్ముకొనుటలో నున్న చిక్కులు అమెరికా అనుభవము వలననే తెలియుచున్నవి. మొదటిది రసాయనశాస్త్రమునకు సంబంధించినది. క్లోరిన్ సూక్ష్మజీవులనే గాక నెత్తురును, క్రొవ్వును గూడ పట్టుకొని తన బలమును వ్యయపఱచుకొనును. తొట్టి యెంత మురికియైన అంత త్వరగా క్లోరిన్ నిర్వీర్యమగును. మఱియు ఈకలు పెఱికిన చోట చర్మమున మిగులు గుంటలలో దాగిన జీవులను అది సులభముగా చేరలేదు. కావున ఒక కోడినుండి మఱియొక కోడికి వ్యాధి ప్రాకకుండుటకు ఆ నీరు ఉపకరించును గాని, మలినమైన కోడిని పూర్తిగా నిర్మలము చేయజాలదు.

రెండవది పరీక్షకు సంబంధించినది. తొట్టినుండి తీసిన కోడిని ఒక ద్రవములో కడిగి, ఆ ద్రవమును ప్రయోగశాలకు పంపి సాల్మొనెల్లా కలదో లేదో చూతురు. కోడికి అంటియున్న రసాయనము ఆ ద్రవములో కూడ చేరి, దారిలోనే జీవులను చంపుచుండిన యెడల పరీక్షలో "లేదు" అని తేలును. అంగడిలోని మాంసముపై మాత్రము ఉండవచ్చును. ఈ దోషమును గుర్తించియే 2016లో అచటి ప్రభుత్వము రసాయనపు బలమును విఱిచివేయు పదార్థములను ఆ ద్రవములో కలుప నారంభించినది. పరీక్షాపత్రమును విద్యార్థియే దిద్దుకొనుటవంటి స్థితి అంతవఱకు కొంత సాగినదన్న మాట.

మూడవది ఇంకను సూక్ష్మమైనది. 2018లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పాలకూర ఆకులపై క్లోరిన్ ప్రభావమును పరీక్షించిరి. క్లోరిన్ సోకిన సాల్మొనెల్లా, లిస్టీరియా జీవులు కొన్ని చావక, ప్రయోగశాల పళ్ళెములో పెరుగక, నిద్రాణస్థితిలో నుండి, సన్నని పురుగులకు ఎక్కించినప్పుడు రోగము కలిగించుటను వారు చూచిరి. ఆ పరీక్ష జరిగినది ఆకులపై గాని మాంసముపై కాదు. ఐనను పెరుగని జీవి చచ్చిన జీవి కాదని అది హెచ్చరించుచున్నది.

2013 మార్చినుండి 2014 జూలై వఱకు కాలిఫోర్నియాలోని ఒక సంస్థ కోడిమాంసము వలన 29 రాష్ట్రములలోను, ప్యూర్టో రికోలోను 634 మంది జబ్బుపడిరి; వారిలో నూటికి 38 మంది ఆసుపత్రి పాలైరి. 2017కును 2021కిని నడుమ పరీక్షింపబడిన కోడిమాంసములో సాల్మొనెల్లా కనబడిన నమూనాలు సగమునకు పైగా తగ్గినవనియు, కాని జబ్బుపడువారి సంఖ్య తగ్గలేదనియు అమెరికా వ్యవసాయశాఖయే ఒప్పుకొన్నది. నమూనాలో తగ్గినంత మాత్రమున పళ్ళెములో తగ్గినదని చెప్పుటకు వీలులేదు. అందుచేతనే 2024లో ఆ శాఖ, సాల్మొనెల్లా ఒక పరిమితిని మించి, ప్రమాదకరమైన రకములకు చెందినదైనచో ఆ పచ్చిమాంసమును అమ్మరాదను నియమమును ప్రతిపాదించినది. 2025 ఏప్రిల్‌లో ఆ ప్రతిపాదన ఉపసంహరింపబడినది. 1957లో కోళ్ళ తనిఖీకై ప్రత్యేకముగా శాసనము చేసిన దేశములో ఈ తగవు ఇంకను తెగలేదు.

బురద అంటని దేశము లేదు

ఇంతటితో ఐరోపావారిని మెచ్చుకొని లేఖిని ముగించుట న్యాయము కాదు. 2014 ఫిబ్రవరి నుండి ఒక సంవత్సరముపాటు బ్రిటన్ ఆహార ప్రమాణ సంస్థ దుకాణములలోని తాజా కోళ్ళను పరీక్షింపగా నూటికి 73 కోళ్ళలో కాంపిలోబాక్టర్ కనబడినది. రసాయనములతో కడుగని దేశమది. 2005 నుండి ఐరోపా సమాఖ్యలో జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధులలో లెక్కకు హెచ్చుగా వచ్చునది ఈ కాంపిలోబాక్టర్ వ్యాధియే. ఏటా లక్షమందికి పైగా రోగులు నమోదగుచున్నారు. సాల్మొనెల్లాను పాకలోనే అరికట్టగలిగిన పద్ధతులు దీనిని అరికట్టలేకపోయినవి.

కావున మన న్యాయమునకు ఒక చిన్న వ్యాఖ్య అవసరము. బురద నంటకుండుట మేలే. కాని అంటినవాడు కడుగుకొనకుండుట మేలని ఆ న్యాయము చెప్పలేదు. కడుగుకొనుటకు నీరు కలదు గదా యని బురదలో ధైర్యముగా దిగుట తప్పు. బురదలో దిగలేదను గర్వముతో కాళ్ళు చూచుకొనకుండుటయు తప్పే. రసాయనము తోడుగా నుండవచ్చును. శుభ్రతకు బదులుగా నుండరాదు. ఈ తగవులో నాకు తేలిన సారము ఇంతే.

మన వంటయింట

మన బజారులో చాలవఱకు కోడిని మన కంటి యెదుటనే కోసి యిచ్చుచున్నారు. తాజాదనము కన్నులకు కనబడుచున్నందున రసాయనపు భయము మనకు లేదు. ఐనను ఆ దుకాణమును ఒక్క నిమిషము పరిశీలింపుడు. ఉదయము మొదలు ఒకే డ్రమ్ములో వేడినీరు, ఒకే మొద్దు, ఒకే కత్తి, ఒకే చేతిగుడ్డ. అమెరికా వధశాలలోని ఉమ్మడి తొట్టి ఇచట చిన్న రూపమున నున్నది. దానిలో క్లోరిన్ కూడ లేదు. మఱియు మన దేశమున రసాయనపు ప్రశ్న తొట్టి కడ గాక మేత కడ తలయెత్తినది. 2014లో ఢిల్లీ ప్రాంతమున ఒక పరిశోధన సంస్థ పరీక్షించిన 70 కోడిమాంసపు నమూనాలలో నూటికి 40లో యాంటీబయోటిక్ మందుల శేషములు కనబడినవి. మనుష్యులకు కడపటి ఆశగా దాచుకొనవలసిన కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని కేంద్రప్రభుత్వము 2019లో నిషేధించినది. పాకలో శుభ్రత లోపించిన చోట మందు దానికి బదులగుచున్నది. అదియు వేఱొక రూపమున చివరి స్నానమే.

ఇక మన యిండ్లలో పచ్చికోడిని ఉప్పు, పసుపు వేసి మూడు నాలుగు నీళ్ళు కడుగుట ఆచారము. కుళాయి క్రింద పెట్టి కడిగినచో తుంపరలతో పాటు సూక్ష్మజీవులు ప్రక్కనున్న గిన్నెలపైనను, కూరగాయలపైనను పడును. పచ్చికోడిని కడుగవద్దని బ్రిటన్, అమెరికా ఆరోగ్య సంస్థలు చెప్పుచుండుటకు కారణమిదే. తరతరముల అలవాటు ఒక్క మాటతో పోదు. కడుగక తప్పనిచో లోతైన గిన్నెలో నీరు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీటిని చిందకుండ పారబోసి, తొట్టిని, చేతులను సబ్బుతో కడుగవలెను. మాంసము తరిగిన కత్తితో, పీటపై పచ్చి ఉల్లిపాయలు తరుగరాదు. మాంసము లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరువఱకు ఉడికినచో ఈ రెండు జీవులును మిగులవు. మన పులుసులు, వేపుళ్ళు నెమ్మదిగా లోనివఱకు ఉడుకు వంటలే గనుక మన తల్లులు ఈ సూత్రమును పేరు తెలియకయే పాటించుచున్నారు.

తరువాతి వారము తరగతిలో ఆ విద్యార్థినికి ఈ సంగతులన్నియు చెప్పితిని. "అయితే అమ్మకు ఏమని చెప్పమంటారు సార్?" అని యామె యడిగినది. "కోడిని మానిపించవద్దని చెప్పమ్మా. బాగా ఉడికించుకొమ్మని, పచ్చిమాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కొమ్మని చెప్పమను" అంటిని. ఆమె ఆ మాటలు వ్రాసికొని, ఒక క్షణ మాగి, "మరి మా వీధి చివర దుకాణంలో ఆ డ్రమ్ము నీళ్ళు ఎప్పుడు మారుస్తారో కనుక్కోనా సార్?" అన్నది. ఈసారి తరగతి నవ్వలేదు. "తప్పక కనుక్కొమ్మా" అంటిని.